మేడ మీద రెండు మళ్లు

ఆ రోజుల్లో కంప్యూటర్ మనల్ని అడగకుండా మారేది కాదు. ఇప్పుడు చూడండి, పడుకునేటప్పుడు ఒక రకంగా ఉన్న తెర తెల్లారేసరికి ఇంకో రకంగా ఉంటుంది. మూలనున్న బొమ్మ మధ్యకొస్తుంది, పలకలా ఉన్నది గుండ్రంగా అవుతుంది, మీ మేలు కోరే ఇదంతా మార్చామని కింద చిన్న అక్షరాల్లో ఒక ముక్క. నా మేలు కోరమని వాళ్లకెవరు చెప్పారు? ఎవడో మా ఇంట్లో దూరి నా మంచం తీసుకెళ్లి వంటింట్లో వేసి, నా మేలు కోసమే అంటే ఊరుకుంటానా? (ఊరుకోమనే మా ఇంట్లో వాళ్లు అంటున్నారు. అందుకే ఇదంతా మీతో చెప్పుకుంటున్నాను.) తొంభైల నడుమ మా కంకిపాడులో ఒక కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మేడ మెట్లెక్కి లోపలికి రావాలంటే ఎంత విచారణ జరిగిందో, ఎంతమంది దాన్ని తిప్పి తిప్పి చూశారో, ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకుందో తెలిస్తే ఇప్పటి వాళ్లు సిగ్గుపడాలి. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే మరేం లేదు, మనం చెప్పింది యంత్రానికీ యంత్రం చెప్పింది మనకూ చేరవేసే పెద్దమనిషి. అంతటి పెద్దమనిషిని మార్చేటప్పుడు మంచీ చెడూ చూడొద్దూ?

మా బాబాయికి సెంటర్లో ఎరువులు, విత్తనాల కొట్టు ఉండేది. నేను ఇంటర్ తప్పి, ఆ తప్పడంలో నా తప్పేమీ లేదని ఊరంతా చెప్పుకు తిరుగుతుంటే, బాబాయి పిలిచి కాటా దగ్గర నిలబెట్టాడు. బస్తాలు తూచడం, తూకం గట్టిగా చదవడం నా పని. నా బుర్ర మాత్రం కాటా మీద ఆగలేదు. ఓసారి బెజవాడలో పాత పుస్తకాల పేవ్‌మెంటు మీద కంప్యూటర్ల పుస్తకం ఒకటి దొరికింది. బేరం లేని రోజుల్లో యూరియా బస్తాల మీద కూర్చుని దాన్ని అరగదీశాను. కాటా ఇనప పలక మీద సుద్దతో కీబోర్డు గీసుకుని వేళ్లకు సాధన చేశాను (రైతులు బస్తా దింపిన ప్రతిసారీ సగం అక్షరాలు చెరిగిపోయేవి). ఆ పుస్తకానికి మొదటి అధ్యాయం చిరిగిపోయి ఉంది. ఆదేశాలన్నీ నాకు నోటికి వచ్చేశాయి గానీ, యంత్రాన్ని ఆన్ చేయడమెలాగో చాలాకాలం తెలియలేదు. అది లోటని నేనెప్పుడూ అనుకోలేదు. ఆన్ చేయడం ఎవడైనా చేస్తాడు.

తర్వాత సందుకో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పుట్టుకొచ్చింది. మా బాబాయి కూడా కొట్టు పైన ఉన్న గదిలో ఏసీ పెట్టించి, నాలుగు కంప్యూటర్లు దింపి, నన్ను మేడ ఎక్కించాడు. కింద పురుగుమందుల వాసన, పైన అగరొత్తుల వాసన. చెప్పులు మెట్ల కిందే విడవాలి. కాలేజీ పిల్లలంతా నన్ను 'డాస్ మాస్టారు' అనేవాళ్లు. డాస్ అంటే అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్. నల్లటి తెర, దాని మీద మిణుకుమిణుకుమనే ఒక గీత, అంతే. బొమ్మ లేదు, రంగు లేదు. మనం ఆజ్ఞ టైపు చేస్తే అది చేస్తుంది, తప్పు టైపు చేస్తే తప్పని మొహాన చెబుతుంది. ఎంత నిజాయితీ గల జాతి. పిల్లల చేత ఆదేశాలన్నీ ఎక్కాల్లాగా బృందంగా చెప్పించేవాణ్ని. 'డిర్ అంటే జాబితా, కాపీ అంటే నకలు, డెల్ అంటే చెరుపు' అని వాళ్లు పైనుంచి అరుస్తుంటే కింద కాటా దగ్గర రైతులు తలెత్తి చూసేవాళ్లు. ఆ చూపుల కోసం నేను ఇంకోసారి చెప్పించేవాణ్ని.

ఇలా సుఖంగా సాగుతున్న రాజ్యంలోకి బెజవాడ బావ వచ్చాడు. బావంటే మా బాబాయి అల్లుడు. బెజవాడలో కంప్యూటర్లు బిగించి అమ్మే కొట్టు పెట్టుకున్నాడు. వచ్చినవాడు ఊరికే రాక, రబ్బరు బ్యాండు వేసిన ఫ్లాపీల కట్ట ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇక మీ నల్లతెరకి సెలవివ్వండి మావయ్యగారూ, ఇది విండోస్, దేశమంతా దీని మీదకే వెళ్తోంది," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. ఆయన ఇంటల్లుడు. మా ఇళ్లలో అల్లుడు చెప్పినదాన్ని ఎదురుగా కాదనడమంటే విస్తట్లో వడ్డించింది వెనక్కి తీసుకోవడం లాంటిది. బాబాయి నోరు కట్టేసినట్టే. నాకు మాత్రం వరసకు బావ కాబట్టి వేళాకోళం ముసుగులో ఎంతైనా అనొచ్చు. అన్నాను. ఈ కొత్తదానికి మాట రాదు కాబట్టి బొమ్మలు చూపిస్తుందని, మాటొచ్చినవాళ్లం మనం మూగసైగలు చేయడమేమిటని, ఆజ్ఞాపించవలసినవాడు మౌసు పట్టుకుని తెర మీద బతిమాలుకుంటూ తిరగాలా అని, ఆపాలంటే కూడా 'మొదలు' అన్న మీట నొక్కాలట కదా, ఇదెక్కడి న్యాయమని. బావ అన్నిటికీ నవ్వి, "నీకు మౌసు పట్టుకోవడం రాదని చెప్పొచ్చుగా బావమరిదీ, ఇంత ఉపన్యాసం దేనికి?" అన్నాడు. (రాదు. అది వేరే సంగతి.)

బాబాయి మాకు మధ్య కూర్చుని మెడ అటూ ఇటూ తిప్పీ తిప్పీ, చివరికి తనకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో తీర్పు చెప్పాడు. కొత్త వరి వంగడం వచ్చినప్పుడు చేలో మొత్తం ఎవడూ వేయడు. ఒక మడిలో పాతది, పక్క మడిలో కొత్తది వేసి, ఒకటే నీళ్లు పెట్టి, కోతల దాకా చూసి, ఏది బాగా పండితే మరుసటేడు దానికి వెళ్తాడు. "రెండు కంప్యూటర్లలో అల్లుడుగారి రకం, రెండింట్లో అబ్బాయి రకం. ఈ సార్వా కోతల దాకా చూద్దాం. పండని రకానికి మేడ మీద చోటు లేదు," అన్నాడు. ఆ తర్వాత నా వంక తిరిగి, "నీ రకం పండకపోతే కిందకొచ్చెయ్ అబ్బాయ్. కాటా దగ్గర మనిషి లేక ఇబ్బందిగా ఉంది," అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడంటే, మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నట్టే ఉంది. నాకు మాత్రం సుద్దగీతల కీబోర్డు కళ్ల ముందు మెదిలింది. ఎక్కిన మెట్లు దిగడమంటే మాటలా? కింద రైతులు, 'మాస్టారూ ఇంకో కిలో వేయండి' అంటే ఆ మాస్టారు అన్న మాట ఎంత గుచ్చుకుంటుంది?

కొట్టుకొచ్చిన రైతులకు సంగతి తెలియగానే ప్రదర్శన క్షేత్రం చూడటానికి వచ్చినట్టు మేడెక్కడం మొదలుపెట్టారు. చేతులు వెనక్కి కట్టుకుని, ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి నెమ్మదిగా నడిచేవాళ్లు, గట్టు మీద నడిచినట్టు. వాళ్లలో పెద్ద తలకాయ చుట్ట తాత. పామర్రు వైపు మాగాణి, నోట్లో వెలిగించని చుట్ట (ఏసీ గదిలో కాల్చకూడదని నేనే చెప్పాను, అందుకు ఆయన నన్ను ఎప్పటికీ క్షమించలేదు). ఆయన కీబోర్డు ఎత్తి కింద చూశాడు, తెర పక్కన తట్టి చూశాడు, అప్పుడు బావను విచారణకు పిలిచాడు.

"కొత్తదానికి ఎరువు ఎక్కువ కావాలా?"

బావ కాసేపు ఆలోచించి, మెమరీ ఎక్కువ కావాలండి, పాతదానికి ఉన్నది దీనికి చాలదు అన్నాడు.

"అయితే తిండిపోతు రకం. గాలికి నిలబడుద్దా, పడిపోద్దా?"

బావ ఈసారి నా మొహం చూశాడు. ఉన్నట్టుండి తెర బిగుసుకుపోయి ఉలుకూ పలుకూ లేకుండా నిలబడిపోవడం ముందు రోజే నేను చూశానని ఆయనకు తెలుసు. "అప్పుడప్పుడూ పడుద్దండి. ఆపి మళ్లీ వేస్తే లేస్తుంది."

"తెగులు?"

"వైరస్సా అండీ? అది రెండింటికీ ఉంది."

తాత నా మళ్లల్లోకి వచ్చాడు. నేను ఛాతీ విరుచుకుని, ఎరువు తక్కువ, పడిపోవడమన్నది లేదు, చెప్పిన పని మారు మాట్లాడకుండా చేస్తుంది అన్నాను. డిర్ కొట్టి చూపించాను. నల్ల తెర మీద అక్షరాలు బారులు తీరి పైకి పరిగెత్తాయి. ఆయన చుట్ట తీసి చూసి, "ఎందుకలా పరిగెడుతున్నాయి, ఎవరు తరుముతున్నారు?" అన్నాడు. జాబితా అని చెప్పాను. దేని జాబితా అన్నాడు. లోపలున్నవాటి జాబితా అన్నాను. "లోపలున్నవి లోపలున్నాయని చెప్పడానికేనా ఇంత హడావిడి?" అని గొణిగినా, మొత్తానికి పైకి మాత్రం పాత రకమే నయం, తక్కువ ఖర్చుతో పండుద్ది అని తేల్చి మెట్లు దిగాడు. ఆ రాత్రి నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

నా లెక్క ఎక్కడ తప్పిందంటే, బావ ఒక పనిమంతుడన్న సంగతి మరిచిపోయాను. మౌసు పట్టుకోవడం అలవాటు కావడానికి ఆ కొత్తదాంట్లో పేకాట ఒకటి ఉంది. ఒక్కరే కూర్చుని, ఎర్ర ముక్క మీద నల్లది, నల్లదాని మీద ఎర్రది సర్దుకుంటూ పోయే ఆట. బావ దాన్ని పిల్లలకు చూపించాడు. పిల్లలు కింద వాళ్ల నాన్నలకు చెప్పారు. ఇక చెప్పేదేముంది. మన డెల్టాలో నీళ్లు వదిలాక నాట్లకీ, కలుపు తీశాక కోతలకీ మధ్య మగవాళ్ల చేతుల్లో ముక్కలు లేని ఊరు ఎక్కడైనా ఉందా? ఎరువు కొనే పని లేనివాళ్లు కూడా కొట్టుకొచ్చారు. పంచెలు ఎగ్గట్టి మేడెక్కారు. జన్మలో కీబోర్డు మీద వేలు పెట్టమంటే షాక్ కొడుతుందని చేయి వెనక్కి లాక్కున్న మనుషులు, మౌసు పట్టుకుని కుడివేలూ ఎడమవేలూ ఆడించడం నేర్చుకున్నారు. మొదట్లో 'ఎదురుగా మనిషి లేకుండా పేకాటేమిటి' అని చుట్ట తాత చిరాకుపడ్డాడు, ఆ తర్వాత కుర్చీ దిగడం మానేశాడు. నా రెండు మళ్ల దగ్గర నేనూ, మిణుకుమిణుకుమనే గీతా మిగిలాం. నా పిల్లలు కూడా నోటితో 'డెల్ అంటే చెరుపు' అంటూనే కళ్లు అటు వేసేవాళ్లు. చేలో నీళ్లు గండి పడి పక్క మడిలోకి పోతుంటే గట్టు మీద నిలబడి చూసినవాడికే నా బాధ తెలుస్తుంది.

అన్నిటికంటే ఘోరం, బాబాయి కూడా ఆడుతున్నాడు. పెళ్లయిన కొత్తల్లో ఆయన పేకాటలో ఏదో చేయరాని పందెం కాశాడని, అప్పుడు మా పిన్ని ఇక ముక్క పట్టనని ఒట్టు వేయించుకుందని మా వాళ్లందరికీ తెలుసు. ఆ ఒట్టు సంగతి గుర్తుచేశాను. "నా చేతిలో ముక్కేదిరా? మౌసే కదా ఉంది," అన్నాడు. వకీలు చదువు చదవలేదు గానీ, చదివితే రాణించేవాడు.

కోతలు దగ్గరపడ్డ ఒక మధ్యాహ్నం. మా పిన్ని కొట్టు వెనకే ఉన్న ఇంటి పెరట్లో అప్పడాలు ఎండబెడుతూ, కొట్టు మెట్ల కింద చెప్పుల గుట్ట చూసిందట. అన్ని జతలుండీ మేడ మీద చడీచప్పుడూ లేదు. ఇంతమంది మగవాళ్లు ఇంత నిశ్శబ్దంగా ఉండేది పేకాట దగ్గరేనని తర్వాత ఆవిడే నాతో అంది. చేతికంటిన పిండి తుడుచుకుంటూ, ఎప్పుడూ ఎక్కని మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. బాబాయి వీపు ఆవిడ వైపుంది. చుట్ట తాత చూసి దగ్గాడు. బాబాయి అర్థం చేసుకోలేదు. ఆ రోజు బెజవాడ నుంచి వచ్చి ఉన్న బావ, అత్తగారిని చూడగానే గౌరవంగా లేచి వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు.  పిన్ని తిన్నగా నా దగ్గరకొచ్చి, నా నల్లతెర వంక చూసి, "నీదాంట్లో పేకముక్కలున్నాయా?" అని అడిగింది.

"లేవు పిన్నీ," అన్నాను. జీవితంలో అంత గర్వంగా 'లేవు' అనలేదు.

"అయితే నీదే ఉండనీ. అది తీయించెయ్. ముందు ఆపు దాన్ని."

గెలిచాను. ఎరువులు, గాలులు, తెగుళ్లు అన్నీ పక్కకుపోయి, మా డాస్ ఒక్క మాటతో గెలిచింది. బాబాయి కుర్చీలోంచి లేచి తలొంచుకుని పక్కకు జరిగాడు. నేను విజయోత్సాహంతో కొత్త కంప్యూటర్ దగ్గరకు నడిచి, చేయి చాపి, అక్కడ ఆగిపోయాను. దాన్ని ఎలా ఆపాలో నాకు తెలియదు. మా డాస్‌కయితే స్విచ్ నొక్కడమే. దీనికి అలా నొక్కితే లోపల చెడుతుందని బావ మొదటి రోజే హెచ్చరించాడు. అల్లుడు పెట్టిన యంత్రాన్ని చెడగొడితే అదింకో గొడవ. ఆ 'మొదలు' మీట ఎక్కడో ఉంది, దాని మీదకు మౌసుతో వెళ్లాలి, మౌసు నేను ముట్టుకోనని ఊరందరి ముందూ ఒట్టేసి చెప్పి ఉన్నాను. పుస్తకంలో మొదటి అధ్యాయం చిరిగిపోవడం ఎంత లోటో అప్పుడు తెలిసింది. ఆన్ చేయడమున్న అధ్యాయంలోనే ఆపడం కూడా ఉంటుంది కాబోలు.

"ఆపవేం?" అంది పిన్ని.

"చూస్తున్నాను పిన్నీ."

నేను చూస్తున్నంతసేపూ ఆవిడా తెర వంక చూసింది. బాబాయి సగంలో వదిలిన ఆట అలాగే పరిచి ఉంది.  కాసేపటికి ఆవిడ, "ఆ ఆఠీను ఏడు అలా ఒంటరిగా ఉందేం? కళావరు ఎనిమిది ఎదురుగానే ఉందిగా, దాని మీద పెట్టక," అంది.

 బాబాయి మొహం చూడాలి. ఈవిడ కోసం ఇన్నేళ్లు ముక్క ముట్టుకోకుండా బతికిన మనిషి. "నీకు పేకాట వచ్చా?" అన్నాడు.

"మా నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నా. ఆడటం తప్పని నేనెప్పుడన్నా? పందెం కాయడం తప్పన్నా," అని, ఆ మాట అక్కడితో వదిలేసి, "పెట్టవయ్యా ఆ ఏడుని," అంది. ఆ అనడం నాతో. ఎందుకంటే ఆవిడ కుర్చీలో కూర్చోదు. వరండాలో అల్లుడు నిలబడి ఉండగా అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చోవడం మా ఇళ్లలో లేదు. అల్లుడితో ముక్కలు తీయించుకోవడం అంతకన్నా లేదు. బాబాయిని ముట్టుకోనివ్వదు. చుట్ట తాత పరాయివాడు. ఇక మిగిలింది నేను.

ఊరందరి ముందూ, నా ఒట్టు నాకు గుర్తుండగానే, మౌసు పట్టుకున్నాను. అది బల్ల అంచు దాటి నా ఒళ్లో పడింది. ఎవరో నవ్వారు. "ఎత్తి మళ్లీ పెట్టు మాస్టారూ, గట్టు దాటనీకు," అన్నాడు తాత. పిన్ని నిలబడి చెబుతుంది, నేను కూర్చుని చేస్తున్నాను. ఆఠీను ఏడు తియ్యి, కళావరు ఎనిమిది మీద పెట్టు. కింది ముక్క తిప్పు. ఇస్పేటు ఆసు వచ్చింది, పైకి పంపు. కాసేపటికి నాకొక సంగతి తట్టింది. నోటితో ఆజ్ఞ ఇవ్వడం, మారు మాట్లాడకుండా చేయడం, ఇది అచ్చంగా మా డాస్ పద్ధతే. కాకపోతే ఇందులో ఆజ్ఞలిచ్చేది పిన్ని, యంత్రం నేను. ఒకసారి కంగారులో ముక్కని తప్పు చోట వదిలాను. మా డాస్ అయితే తప్పని మొహాన చెప్పేది. ఇది ఏమీ అనకుండా ముక్కని తీసుకెళ్లి దాని చోట మళ్లీ కూర్చోబెట్టింది. ఆ మర్యాద నాకేమీ నచ్చలేదు. (నచ్చింది.)

చివరి రాజు పైకి వెళ్లగానే ముక్కలన్నీ ఒక్కొక్కటిగా తెర మీదకు దూకి, గంతులేసుకుంటూ, కాలవ లాకులు ఎత్తినట్టు దొర్లుకుంటూ పోయాయి. అంతవరకూ ఆ ఆట పూర్తిగా గెలిచినవాళ్లు మా మేడ మీద ఎవరూ లేరు కాబట్టి అలా జరుగుతుందని ఎవరికీ తెలియదు. చుట్ట తాత లేచి నిలబడ్డాడు. పిన్ని పమిట నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా, ఆగకుండా నవ్వింది. ఆవిడ అలా నవ్వడం బాబాయి చూసి ఎన్నాళ్లయిందో. తెర వదిలేసి ఆవిడనే చూస్తూ ఉండిపోయాడు.

తీర్పు అక్కడే, కోతలు రాకముందే వచ్చేసింది. దిగుబడి కొత్తదానిదేనని బాబాయి తేల్చాడు. పాతదాన్ని ఒక కంప్యూటర్‌లో విత్తనానికి ఉంచమన్నాడు. నేను లేచి, కాటా దగ్గరకు వెళ్లడానికి మనసు చిక్కబట్టుకుని మెట్ల వైపు నడిచాను. వరండాలో బావ నా భుజం మీద చెయ్యి వేసి ఆపి, లోపలికి వినపడేలా, "నేను రోజూ బెజవాడ నుంచి రాలేనండి మావయ్యగారూ. అత్తయ్యగారి చేత ఆడించినవాడు ఊళ్లో ఎవరికైనా నేర్పగలడు," అన్నాడు. తర్వాత నాకు మాత్రమే వినపడేలా, "రేపు పొద్దున్నే రా, ఆపడం నేర్పుతా," అన్నాడు. చెడ్డవాడు కాడు. అల్లుళ్లలో అంత మంచివాణ్ని నేను ఎరగను, వాదనలో మాత్రం అప్పుడూ ఇప్పుడూ నాదే న్యాయం.

అలా కిందకు దిగకుండానే నేను విండోస్ మాస్టారునయ్యాను. కాటాకు వేరే మనిషిని పెట్టారు. మధ్యాహ్నం పిల్లలు రాకముందు పిన్ని మేడెక్కి, కుర్చీ వెనక నిలబడి, ఒక ఆట ఆడించి వెళ్లేది. బావ ఊళ్లో లేని రోజున కూడా కూర్చునేది కాదు, నా చేతికే అలవాటు పడిపోయింది. బాబాయి ఏదో పని ఉన్నట్టు అదే వేళకు పైకొచ్చి పక్కన నిలబడేవాడు.

ఆ తర్వాత ఎన్ని కొత్త రకాలొచ్చాయో, ఎన్ని పోయాయో. ప్రతిదానికీ నేను ముందు ఎరువెంత, గాలికి నిలబడుతుందా అని అడుగుతాను. జవాబు చెప్పేవాడు లేడు, అది ఈలోగా తనంతట తానే ఎక్కి కూర్చుంటుంది. తిట్టుకుంటాను. తిట్టుకుని, భోజనమయ్యాక ఆ పేకాట ఒకటి తెరుస్తాను. మౌసుని శత్రువులా పట్టుకుని చెమటలు కక్కిన ఆ పొగరుబోతు మాస్టారు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎప్పుడైనా ఆఠీను ఏడు ఒంటరిగా, కళావరు ఎనిమిది ఎదురుగా కనిపిస్తే వెంటనే కదపను. వెనక నుంచి ఎవరైనా చెబుతారేమోనని కాస్త ఆగుతాను.